తొణకని బండి: హెన్రీ రాయిస్ జీవితము

శిరివెళ్లనుండి నంద్యాలకు ఎద్దుబండిపై ప్రయాణము చేసిన పెద్దలు ఆ బాట కుదుపులను నేటికిని మరువలేరు. బండిలో చొప్ప ఎంత దట్టముగా పరచినను, చక్రము గుంతలో దిగినంతనే ఆ దెబ్బ తిన్నగా వెన్నెముకకు తగులును. చక్రమునకును కూర్చున్నవానికిని నడుమ, దెబ్బను మ్రింగు సాధనమేదియు లేకపోవుటయే అందులకు కారణము. ఆ దెబ్బను ప్రయాణికునకు తెలియనీయని కారును నిర్మింపబూని, ప్రపంచప్రఖ్యాతి గాంచినవాడు హెన్రీ రాయిస్.

ఆతడు 1863 మార్చి 27న ఇంగ్లండులోని ఆల్వాల్టన్ గ్రామమున, పిండిమర నడుపుకొను పేద కుటుంబములో ఐదవ బిడ్డగా జన్మించెను. తొమ్మిదవ యేట తండ్రి గతించెను. బాలుడు లండను వీధులలో వార్తాపత్రికలు అమ్మెను. తంతివార్తలు ఇంటింటికి చేరవేసెను. బడిలో కూర్చుండి చదివినది సుమారు ఒక్క సంవత్సరమే. దగ్గర బంధువురాలొకామె రుసుము చెల్లింపగా పీటర్‌బరో రైల్వే కర్మశాలలో పని నేర్చుటకు చేరెను. మూడేండ్లకు ఆమె ధనము నిండుకొనెను. శిక్షణ నడుమనే ఆగిపోయెను. అయినను ఆతని విద్య ఆగలేదు. పగలు కూలికి పనిచేయుచు, రాత్రి తరగతులలో విద్యుచ్ఛాస్త్రము నభ్యసించెను. 1884లో తాను కూడబెట్టిన 20 పౌండ్లతో, ఒక మిత్రుని భాగస్వామిగా జేసికొని, మాంచెస్టరులో విద్యుత్ పరికరముల కర్మశాలను స్థాపించెను.

1903లో ఆతడొక పాత ఫ్రెంచి కారును కొనెను. దాని చప్పుడును, అదురును, అస్థిరత్వమును ఆతనికి సరిపడలేదు. దానిని భాగములుగా విప్పి, ప్రతిదానిని పరీక్షించి, 1904 ఏప్రిల్ 1న స్వయముగా నిర్మించిన కారును వీధిలోనికి నడిపించెను. మరుసటి నెలలోనే చార్లెస్ రోల్స్‌తో పరిచయమయ్యెను. 1906లో రోల్స్ రాయిస్ సంస్థ ఏర్పడెను. 1907లో, సిల్వర్ ఘోస్ట్ అను పేరుగల వారి వెండిరంగు కారు 15,000 మైళ్ల పరీక్షకు నిలిచెను. పిదప దానిని విప్పి చూడగా, తిరిగి క్రొత్తదానివలె చేయుటకు రెండు పౌండ్ల పైచిలుకు మాత్రమే కావలసివచ్చెను.

అంతటితో రాయిస్ తృప్తి చెందలేదు. ఉక్కు పట్టీలను పేర్చి కట్టిన వెనుక కమానుల అమరికను 1908లో నొకసారి, 1912లో మరియొకసారి మార్పించెను. కుదుపును మాటలతో వర్ణించుట చాలదు, కొలువవలెనను పద్ధతి ఆ సంస్థలో పాదుకొనెను. మూతలేని పాత్రను నీటితో నింపి, కారులో నుంచి, మైలు దూరము వేర్వేరు వేగములతో నడిపి, ఎంత నీరు చిందెనో ఆ ఇంజనీర్లు లెక్కగట్టిరి. నిండుకుండ తొణకదను మన సామెత వారి చేతిలో శాస్త్రీయమైన కొలబద్ద అయ్యెను.

ఇతరుల సుఖమునకై ఇంతగా శ్రమించినవాని దేహమునకు సుఖము కరవయ్యెను. పనిలో మునిగినచో భోజనమును మరచుట ఆతని యలవాటు. 1911లో తీవ్రముగా జబ్బుపడెను. శస్త్రచికిత్స అనంతరము డెర్బీ కర్మాగారమునకు దూరముగానే జీవింపవలసివచ్చెను. సముద్రతీరమందలి ఇంటనుండియే చిత్తుపటములు గీయించి పంపుచుండెను. ప్రయోగపు కారులను ఆతని వాకిటికే నడిపించుకొని వచ్చెడివారు. 1930లో బారోనెట్ బిరుదము లభించెను. 1933 ఏప్రిల్ 22న కన్నుమూసెను.

ఆతని కొలువులో పని నేర్చిన మారిస్ ఓలే ఆ కొలతల విద్యను అమెరికాకు గొనిపోయెను. 1932లో కాడిలాక్ కారు ముందు వెనుకల బరువులు మార్చుచు పరీక్షించి, ముందరి కమానులు వెనుకవానికన్న మెత్తనివైనచో ప్రయాణము సమతలముగా సాగునని కనుగొనెను. ముందరి చక్రములు రెండును వేరువేరుగా కదలు ఏర్పాటు దానినుండియే 1934 కాడిలాక్‌లో వచ్చెను. 1936లో రోల్స్ రాయిస్ ఫాంటమ్ 3 కారు సయితము అట్టి ఏర్పాటుతోనే వెలువడెను. గురువు ఇంటినుండి వెడలిన విద్య, ఆతని మరణానంతరము ఆ యింటికే మరలివచ్చెను.

హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాము ప్రభువుల పసుపుపచ్చని సిల్వర్ ఘోస్ట్ కారును చూచు విద్యార్థులు దాని రాజఠీవిని మాత్రమే చూచి మరలరాదు. చక్రములపైనున్న ఆ కమానులను గూడ చూడవలెను. బడికి నోచుకొనని బాలుడొకడు, లోపము కంటబడినప్పుడెల్ల దానిని కొలిచి, సవరించి, మరల కొలిచిన ఓర్పు వానియందు గలదు.