వీరేశలింగము పంతులుగారు – వ్రాయదగిన విషయము



వ్యాసము వ్రాయుడని తరగతిలో చెప్పినపుడెల్ల మీలో పలువురు నన్నడుగు ప్రశ్న యొకటి కలదు. దేనిని గూర్చి వ్రాయవలెను? వసంతర్తువును గూర్చియు, చంద్రోదయమును గూర్చియు వ్రాయుటకు పుస్తకములలో మాటలు సిద్ధముగా నుండును. కాని చదువరి మనస్సును కదలించి, లోకమున నొక చెడుగును తొలగింపగల విషయ మెక్కడ దొరకును? తన జీవితమునే ఈ ప్రశ్నకు సమాధానముగా నిచ్చిపోయిన మహనీయులు కందుకూరి వీరేశలింగము పంతులుగారు. వారు కన్నుమూసినది మన చెన్నపట్టణమునందే. కావున వారి చరిత్రము మనకు పరాయిది కాదు.

పంతులుగారు 1848 ఏప్రిల్ 16వ తేదీన రాజమహేంద్రవరమున పున్నమ్మ, సుబ్బారాయుడు దంపతులకు జన్మించిరి. నాలుగేండ్ల ప్రాయముననే తండ్రి గతించెను. పెదతండ్రి వేంకటరత్నముగారి పోషణలో విద్య నేర్చిరి. శరీరము దుర్బలము; పట్టుదల మాత్రము దృఢము. ఆనాటి ఆచారము ననుసరించి పదుమూడేండ్లకే వివాహమయ్యెను. భార్య రాజ్యలక్ష్మమ్మగారు అప్పటికి ఇంకను పసిబాలిక. పిమ్మట తాము తీవ్రముగా ఖండించిన బాల్యవివాహము వారికి విన్న కథ కాదు. తమ యింట జరిగిన సంగతి.

యౌవనమున పంతులుగారును అందరు కవులవలెనే పాతబాటను నడచిరి. శుద్ధాంధ్ర నిరోష్ఠ్య నిర్వచన నైషధమను కావ్యమును రచించిరి. ఆ పేరునందే దాని కష్టమంతయు నున్నది. సంస్కృతపదము చేరరాదు, పెదవులు కలిసి పలుకు అక్షరము లుండరాదు, నడుమ వచనము రాకూడదు. అంతటి నియమముతో నలచరిత్రము చెప్పుట సామాన్యుల పని కాదు. పండితులు మెచ్చిరి. కాని రాజమహేంద్రవరపు వీధులలోని దుఃఖమొక్కటియు దానివలన తీరలేదు.

ఆ దుఃఖములు కనబడనివి కావు. పండ్లూడిన వృద్ధులకు పసిపిల్లల నిచ్చి ధనము పుచ్చుకొనుచుండిరి. మగని ముఖమైన నెరుగని బాలికలు వితంతువులై తల గొరిగించుకొని మూలల గూర్చుండిరి. న్యాయస్థానములలో లంచము లేక వ్యవహారము సాగకుండెను. పెండ్లిండ్లలో భోగము మేళములు గౌరవచిహ్నములుగా నుండెను. ప్రతివారును వీనిని చూచుచుండిరి. చూచి చూచి కన్నులు అలవాటుపడినవి. అలవాటుపడిన కంటికి అన్యాయము లోకసహజమువలె తోచును. పంతులుగారు చేసిన తొలి పని ఆ అలవాటును మానుకొనుట. అప్పుడు వారికి విషయముల కొఱత లేకపోయెను.

1874లో వివేకవర్ధని యను పత్రికను స్థాపించిరి. అది మొదట ఈ చెన్నపట్టణముననే అచ్చయ్యెను. కొలదికాలమునకు రాజమహేంద్రవరమున వారి సొంత ముద్రాక్షరశాల ఏర్పడెను. ఏ విషయమునకు ఏ రూపము తగునో వారెరిగి వ్రాసిరి. వ్యాజ్యములలోని మోసములను వ్యవహార ధర్మబోధిని యను నాటకముగా వ్రాసిరి. 1880లో విద్యార్థులు దానిని ప్రదర్శించిరి. ముసలివాని పెండ్లియాశను బ్రాహ్మవివాహమను ప్రహసనముగా వ్రాసి జనులను నవ్వించిరి. రాజశేఖరచరిత్రమునకు గోల్డుస్మిత్తు అను ఐర్లండు రచయిత యొక్క ఆంగ్లనవల ప్రేరణ మిచ్చెను. కాని అందు కనిపించునది గోదావరీతీరపు సంసారమే. బంగారము చేసెదనని నమ్మించి ఉన్న బంగారమును అపహరించు బైరాగి, శకునములకు వెఱచు ఇల్లు, ముఖస్తుతులకు లోబడి దరిద్రుడైన గృహస్థుడు – వీరందరు చదువరులకు పొరుగువారే. స్త్రీల కొఱకు 1883లో సతీహితబోధిని యను పత్రికను వేరుగా నడపిరి.

విషయమును కనుగొనుట సగము పని. వ్రాసినదానికి తాను బాధ్యుడై నిలుచుట మిగిలిన సగము. బాలికలు చదువవలెనని వ్రాసి యూరకుండక 1874లోనే ధవళేశ్వరమున బాలికల పాఠశాలను తెఱచిరి. వితంతు పునర్వివాహములను చట్టము 1856లోనే అనుమతించినది; అయినను తెలుగునాట ముందునకు వచ్చువారు లేరు. 1879లో పంతులుగారు ఆ విషయముపై ఉపన్యసించిరి. 1881 డిసెంబరు 11వ తేదీన తమ యింటనే గౌరమ్మ, గోగులపాటి శ్రీరాములు అనువారికి వివాహము జరిపించిరి. ఊరు తల్లక్రిందులయ్యెను. పోలీసులును, విద్యార్థులును కావలియుండవలసివచ్చెను. వచ్చినవారికి వెలి, వంటవారు రారు, నీరు తెచ్చువారు రారు. రాజ్యలక్ష్మమ్మగారు తామే గోదావరికి పోయి నీరు మోసితెచ్చి వండి వడ్డించిరి. తలిదండ్రులు ఈ ఘట్టమును తమ బిడ్డలకు తప్పక చెప్పుదురుగాక. పంతులుగారి కలము వెనుక ఆ బిందె యుండెనని మఱవరాదు.

తరువాత పంతులుగారు చెన్నపట్టణమునకు వచ్చి కొంతకాలము రాజధాని కళాశాలలో తెలుగు పండితులుగా నుండిరి. ఇచ్చటను వితంతువులకు ఆశ్రయము కల్పించిరి. 1906లో హితకారిణీ సమాజమును స్థాపించి తమ ఆస్తిని దానికి ధారపోసిరి. 1910లో రాజ్యలక్ష్మమ్మగారు గతించిరి. జీవితమున చాలభాగము గ్రాంథికభాషలో వ్రాసినవారే అయినను, 1919లో వాడుకభాష కొఱకు రాజమహేంద్రవరమున ఏర్పడిన సమాజమునకు అధ్యక్షులైరి. ఎవరి మేలుకై వ్రాయుదుమో వారికి తెలియవలె నను భావము ముసలితనమున తమ పద్ధతినే మార్చుకొనునంత బలవత్తరమై యుండెను. ఆ సంవత్సరమే ఆంధ్రకవుల చరిత్రమును సంస్కరించుచు, మే 27వ తేదీన ఈ నగరమున పరమపదించిరి.

నేను ఉపాధ్యాయ శిక్షణకై ఆంధ్రదేశమున నున్నపుడు రాజమహేంద్రవరమున పంతులుగారి యింటిని చూచితిని. అది సామాన్యమైన యిల్లు. అంతటి కల్లోలము ఈ గడపలోనా పుట్టినదని ఆశ్చర్యపడితిని. పిదప తోచినది: విషయములు గడపలోనే యుండును, వానిని వెదకి దూరదేశములకు పోనక్కఱలేదు.

మీరు ఇంట తెలుగును, వీధిలో తమిళమును మాటలాడు పిల్లలు. రెండు లోకములను చూచు కన్నులు మీకున్నవి. చదువు మానిపించి పనికి పంపబడిన తోడి బాలుడు, పెద్దపిల్లయైనదని బడి మాన్పింపబడిన బాలిక, నలుగురిలో తల్లిభాష పలుక సిగ్గుపడు అన్న – వీరు మీ వాడలో లేరా? వచ్చు వ్యాసమునకు చంద్రోదయమును విడిచి వీరిలో నొకరిని గూర్చి, చూచినది చూచినట్లు పది పంక్తులు వ్రాయుడు. వ్రాసినపిదప వారికై మీరు చేయగల చిన్న పని యొకటి చేయుడు. అప్పుడు పంతులుగారి చరిత్రమును మీరు చదివినట్లు.