జూలియో నట్టా

జూలియో నట్టా (ఫిబ్రవరి 26, 1903 - మే 2, 1979) ఇటలీ దేశానికి చెందిన సుప్రసిద్ధ రసాయన శాస్త్రవేత్త. పాలిమర్ల అణువులను ఒక క్రమంలో నిర్మించే విధానాన్ని కనుగొన్నందుకు 1963లో జర్మనీ శాస్త్రవేత్త కార్ల్ జీగ్లరుతో కలిసి రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకొన్నాడు. విద్యుత్తును ప్రసరింపజేసే పాలిమర్ల చరిత్ర కూడా 1958లో ఈయన ప్రయోగశాలలో తయారైన ఒక పొడితో ముడిపడి ఉన్నది. ఆ పొడి విలువ లోకానికి తెలియడానికి దాదాపు ఇరవై ఏళ్ళు పట్టింది.

బాల్యం, విద్యాభ్యాసం

నట్టా ఇటలీ వాయవ్య తీరంలోని ఇంపీరియాలో జన్మించాడు. జెనోవా నగరంలో పాఠశాల విద్య ముగించి, 1924లో 21 ఏళ్ళ వయసులో మిలాన్ పాలిటెక్నిక్ నుండి రసాయన ఇంజనీరింగులో పట్టా పొందాడు. ఎక్స్-కిరణాల సహాయంతో స్ఫటికాల నిర్మాణాన్ని తెలుసుకోవడం ఈయన తొలి పరిశోధనాంశం. 1932లో జర్మనీలోని ఫ్రైబుర్గుకు వెళ్ళినపుడు హెర్మన్ స్టౌడింగరుతో పరిచయమయింది. పాలిమర్లు చిన్న అణువుల గుంపులు కావనీ, పొడవైన గొలుసుల వంటి బృహదణువులనీ వాదించినవాడు స్టౌడింగరు. ఈ పరిచయంతో నట్టా దృష్టి పాలిమర్లవైపు మళ్ళింది.

ఉద్యోగ జీవితం

1933లో పావియాలోను, 1935లో రోములోను, ఆ తరువాత టూరిన్‌లోను ఆచార్యుడుగా పనిచేశాడు. 1938లో ఇటలీ ప్రభుత్వం తెచ్చిన జాతి చట్టాల కారణంగా యూదుడైన ఆచార్య మారియో జాకొమో లెవి మిలాన్ పాలిటెక్నిక్‌లో పదవి కోల్పోగా, ఆ స్థానంలో నట్టా నియమితుడయ్యాడు. యుద్ధకాలంలో కృత్రిమ రబ్బరు తయారీపై కృషిచేశాడు.

పాలిప్రొపిలీన్

1953లో జీగ్లరు టైటానియం, అల్యూమినియం సమ్మేళనాలతో కూడిన ఉత్ప్రేరకాన్ని వాడి, అల్పపీడనంలోనే ఇథిలీన్‌ను పాలిమరుగా మార్చాడు. నట్టా సలహాదారుగా ఉన్న మాంటెకాటిని సంస్థకు జీగ్లరుతో ఒప్పందం ఉండటం వలన ఆ విషయం మిలాన్‌కు చేరింది. 1954 మార్చిలో నట్టా అదే తరహా ఉత్ప్రేరకంతో ప్రొపిలీన్‌ను పాలిమరుగా మార్చాడు. అందులో కొంతభాగం గట్టిగా, స్ఫటిక రూపంలో ఉన్నది. గొలుసు పొడవునా మిథైల్ సమూహాలన్నీ ఒకే విన్యాసంలో అమరి ఉండటమే ఇందుకు కారణమని ఎక్స్-కిరణ పరీక్షలలో తేలింది. ఈ అమరికకు ఐసోటాక్టిక్ అనే పేరును సూచించినది నట్టా భార్య రోసీటా. 1957లో ఈ ప్లాస్టిక్కు మోప్లెన్ పేరుతో మార్కెట్టులోకి వచ్చింది. అయితే జీగ్లరు కూడా ప్రొపిలీన్‌పై ప్రయోగాలు చేస్తూ ఉండటంతో, పేటెంటు విషయమై ఇద్దరి మధ్య మనస్పర్థలు ఏర్పడ్డాయి.

పాలిఎసిటిలీన్

1958లో నట్టా బృందం ఇదే తరగతి ఉత్ప్రేరకంతో ఎసిటిలీన్ వాయువును పాలిమరుగా మార్చింది. ఈ గొలుసులో కర్బన పరమాణువుల మధ్య ఏకబంధం, ద్విబంధం ఒకదాని తరువాత ఒకటి వస్తాయి. కానీ లభించినది ముదురురంగు పొడి. అది ఏ ద్రావణిలోను కరగదు, వేడిచేసినా ద్రవంగా మారదు, గాలి తగిలితే పాడవుతుంది. అచ్చుపోయడానికి గాని, పొరగా సాగదీయడానికి గాని వీలులేని ఆ పదార్థంపై పరిశ్రమలు ఆసక్తి చూపలేదు.

1967లో టోక్యోలో హిదెకి షిరకావా ప్రయోగశాలలో పొరపాటున ఉత్ప్రేరకం వేయి రెట్లు ఎక్కువగా పడటంతో, పొడికి బదులు వెండివలె మెరిసే పొర ఏర్పడింది. 1977లో షిరకావా, అలన్ మెక్‌డయార్మిడ్, అలన్ హీగర్ కలిసి అటువంటి పొరకు అయోడిన్ ఆవిరి పట్టించగా దాని విద్యుద్వాహకత ఒక కోటి రెట్లు పెరిగింది. అయోడిన్ గొలుసునుండి కొన్ని ఎలక్ట్రాన్‌లను లాగివేస్తుంది. వాటి స్థానంలో ఏర్పడిన ఖాళీలు గొలుసు వెంట కదలడం వలన విద్యుత్తు ప్రవహిస్తుంది. ఈ ముగ్గురికి 2000లో నోబెల్ బహుమతి లభించింది. ఏక, ద్విబంధాలు ఇలా మారిమారి వచ్చే ఇతర పాలిమర్లు తరువాత సేంద్రియ సౌరఘటాలలో కాంతిని గ్రహించే పొరగా ఉపయోగపడ్డాయి. వీటిలో ఒకటైన పాలిథయోఫీన్‌లో పార్శ్వ శాఖలు క్రమంగా అమరినపుడు విద్యుద్వాహకత మెరుగుపడుతుంది. అణువుల అమరికను బట్టి పదార్థ గుణం మారుతుందన్న నట్టా సూత్రం ఇక్కడ కూడా వర్తించింది.

చివరి దశ

1956 నుండి నట్టా పార్కిన్సన్ వ్యాధితో బాధపడ్డాడు. 1963లో స్టాక్‌హోమ్ సభలో కుమారుడు, సహచరుల సహాయంతో తన ప్రసంగాన్ని సమర్పించవలసి వచ్చింది. 1968లో రోసీటా మరణించింది. నట్టా 1979లో బెర్గామోలో మరణించాడు. పాలిఎసిటిలీన్ విద్యుద్వాహకత అప్పటికి వెల్లడై రెండేళ్ళే అయింది. ఆ పరిశోధనకు నోబెల్ గౌరవం దక్కేనాటికి ఆయన మరణించి 21 ఏళ్ళు గడిచాయి. 2025 నాటికి రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి పొందిన ఇటలీ శాస్త్రవేత్త నట్టా ఒక్కడే. కుర్చీలు, తాళ్ళు, ధాన్యపు బస్తాల రూపంలో పాలిప్రొపిలీన్ ఇంటింటికీ చేరింది. పాలిఎసిటిలీన్ మాత్రం గాలికి నిలువదు కనుక ప్రయోగశాల దాటి బయటకు రాలేదు.