ఎవరెస్టు ఎత్తు లెక్కగట్టిన రాధానాథ్ సిక్దార్

కొండలు, లోయలు ఉన్నవి ఉన్నట్టు కనిపించే మ్యాపులను ఇప్పుడు మనం కంప్యూటర్ తెరపై చూస్తున్నాం. ఆ బొమ్మ వెనుక ఉన్నవన్నీ అంకెలే. నేలను చిన్న చిన్న గళ్ళుగా విభజించి, ఏ గడి ఎంత ఎత్తులో ఉందో రాసిన పట్టిక అది. దానినే డిజిటల్ ఎలివేషన్ మోడల్ అంటారు. 2005 మే 5న మన శ్రీహరికోట నుండి వెళ్ళిన కార్టోశాట్-1 ఉపగ్రహం రెండు కెమెరాలతో, రెండు కోణాల నుండి నేలను ఫొటోలు తీసింది. వాటి ఆధారంగా హైదరాబాద్‌లోని నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ దేశమంతటికీ ఇటువంటి పట్టిక తయారుచేసింది. వరద ఎటు పారుతుందో, కాలువ ఎటు తవ్వాలో తెలుసుకోవడానికి ఇది ఎంతో ఉపయోగం.

మరి ఉపగ్రహాలు లేని కాలంలో ఎత్తులు ఎలా తెలుసుకున్నారు? ఆ రోజుల్లో కంప్యూటర్ అంటే యంత్రం కాదు, ఒక ఉద్యోగం పేరు. సర్వే ఆఫీసులో కూర్చుని లెక్కలు కట్టే మనిషిని కంప్యూటర్ అనేవారు. అటువంటి ఒక కంప్యూటర్ జీవితాన్ని ఈ సంచికలో తోటి విద్యార్థులకు పరిచయం చేస్తున్నాము.

రాధానాథ్ సిక్దార్ 1813లో కలకత్తాలోని జొరాసాంకోలో జన్మించారు. హిందూ కాలేజీలో చదివారు. ప్రశ్నించకుండా దేనినీ నమ్మవద్దని నేర్పిన డిరోజియో ప్రభావం ఆయనపై పడింది. గణితంలో న్యూటన్ గ్రంథాన్ని చదివి అర్థం చేసుకున్న తొలితరం భారతీయుల్లో ఆయన ఒకరు. 1831 డిసెంబరులో, పద్దెనిమిదేళ్ళ వయసులో, నెలకు 30 రూపాయల జీతంపై గ్రేట్ ట్రిగొనోమెట్రికల్ సర్వేలో చేరారు.

ఈ సర్వేను 1802లో మద్రాసు దగ్గర విలియం లాంబ్టన్ ప్రారంభించాడు. ముందుగా నేలపై ఒక గీతను గొలుసుతో జాగ్రత్తగా కొలుస్తారు. దాని రెండు కొసల నుండి దూరపు గుర్తును థియోడలైట్‌తో చూసి కోణాలు తీసుకుంటారు. ఒక భుజం, రెండు కోణాలు తెలిస్తే మిగతా భుజాలు లెక్కలో వస్తాయి. మన హైస్కూలు త్రికోణమితి ఇందుకు పునాది. అలా త్రిభుజం పక్కన త్రిభుజం పేర్చుకుంటూ, నాటి నిజాం రాజ్యం మీదుగా హిమాలయాల దాకా వెళ్ళారు. పెద్ద థియోడలైట్ బరువు అర టన్ను. దానిని కొండలపైకి మోసినవారు కూలీలు. అడవి జ్వరాలతో చనిపోయినవారిలోనూ వారే ఎక్కువ. ఏ మ్యాపు మీదా వారి పేర్లు లేవు.

ఆ కూలీల కోసమే రాధానాథ్ ఒకసారి శిక్ష అనుభవించారు. 1843లో డెహ్రాడూన్‌లో మేజిస్ట్రేటు వాన్సిటార్ట్ సామాన్లను సర్వే శాఖ కూలీల చేత బలవంతంగా మోయించారు. అది వెట్టిచాకిరీ. రాధానాథ్ ఆ సామాన్లను ఆపివేయించి ఎదురు నిలిచారు. తెల్లదొరను, అందులోనూ మేజిస్ట్రేటును ఎదిరించినందుకు కేసు పెట్టి 200 రూపాయలు జరిమానా వేశారు. ఆయన తొలి జీతంతో చూస్తే అది ఆరు నెలల సొమ్ముకు పైమాటే. అయినా ఆయన చేసింది వృథా కాలేదు. ఆ వార్త కలకత్తా పత్రికకెక్కి చర్చ లేపింది.

1849లో ఆయన ప్రధాన కంప్యూటర్‌గా కలకత్తా వచ్చారు. హిమాలయాల్లో పదిహేనవ నంబరు శిఖరాన్ని సర్వేయర్లు బీహారు మైదానాల్లోని ఆరు చోట్ల నుండి, వంద మైళ్ళకు పైగా దూరంలో నిలబడి చూశారు. అంత దూరంలో గాలి పొరలు కాంతిని వంచుతాయి. భూమి గుండ్రదనం కూడా లెక్కలోకి రావాలి. ఈ దోషాలన్నీ సరిచేసి చూస్తే అదే ప్రపంచంలో అన్నింటికన్నా ఎత్తైన శిఖరమని తేలింది. 1856లో దాని ఎత్తు 29,002 అడుగులని ప్రకటించారు. 2020లో నేపాల్, చైనా కలిసి ఉపగ్రహాల సాయంతో కొలిచి 8,848.86 మీటర్లని చెప్పాయి. పాత లెక్కకూ దీనికీ తేడా తొమ్మిది మీటర్లే!

ఆ శిఖరానికి టిబెట్ ప్రజలు పిలుచుకునే చోమోలుంగ్మా అనే పేరు ఉంది. అయినా పాత సర్వేయర్ జనరల్ జార్జి ఎవరెస్టు పేరు పెట్టారు. రాధానాథ్‌కు దక్కిన గుర్తింపు కూడా నిలవలేదు. 1851లో వచ్చిన సర్వే శాఖ పాఠ్యగ్రంథంలో లెక్కల భాగం ఆయన కృషి. ఆ సంగతి మొదట ముందుమాటలో రాశారు. ఆయన 1870 మే 17న చందన్‌నగర్‌లో కన్నుమూశారు. 1875 నాటి కూర్పులో ఆ మాటలు తీసేశారు.

1854లో ప్యారీచాంద్ మిత్రాతో కలిసి స్త్రీలకు అర్థమయ్యే తేలిక బెంగాలీలో మాసిక్ పత్రిక నడిపిన ఘనత కూడా ఆయనదే. 2004లో తపాలా శాఖ ఆయన బొమ్మతో స్టాంపు విడుదల చేసింది.

మిత్రులారా! లెక్కలంటే మనలో చాలామందికి భయం. రాధానాథ్ లెక్కను ఉద్యోగం కోసం నేర్చుకున్నారు, కానీ ఉద్యోగం కోసం తల వంచలేదు. బరువు మోసేవాడి కష్టం కూడా లెక్కలోకి రావాలని నిలబడ్డారు. మోసేవారి ఇళ్ళ నుండి చదువుకోవడానికి వచ్చిన మనం ఆ సంగతి మరచిపోరాదు. రేపు మనలో ఎవరైనా సర్వేయర్లైనా, ఇంజనీర్లైనా, మ్యాపు కింద మన పేరు రాసుకునేటప్పుడు గొలుసు పట్టిన చేతుల పేర్లు కూడా రాద్దాం.