తలుపు మూయని ఇల్లు: వీధి పిల్లల కోసం బతికిన బర్నార్డో

ఇప్పటికి 150 ఏళ్ల కిందట లండన్ అంటే ప్రపంచంలోనే పెద్ద ధనిక నగరం. మన దేశం నుంచి వెళ్లే సరుకు కూడా అక్కడి రేవుల్లోనే దిగేది. ఆ రేవులకు ఆనుకుని ఉన్న ఈస్ట్ ఎండ్ పేటల్లో మాత్రం ఎంతోమంది పిల్లలు రాత్రిళ్లు సందుల్లో, ఇళ్ల కప్పుల మీద పడుకునేవాళ్లు. వాళ్లను పట్టించుకున్న మనిషి పేరు థామస్ జాన్ బర్నార్డో.

ఆయన 1845 జూలై 4న ఐర్లాండ్‌లోని డబ్లిన్‌లో పుట్టారు. తండ్రి జర్మనీలోని హాంబర్గ్ నుంచి వచ్చి స్థిరపడిన బొచ్చు తోళ్ల వ్యాపారి. చైనాకు మిషనరీ డాక్టర్‌గా వెళ్లాలన్నది బర్నార్డో కోరిక. అందుకే 1866లో డాక్టర్ చదువు కోసం లండన్ వచ్చారు. అదే ఏడాది ఈస్ట్ ఎండ్‌లో కలరా వచ్చి 3 వేల మందికి పైగా చనిపోయారు. ఎందరో పిల్లలు యతీములయ్యారు. ఆ పరిస్థితి చూసి ఆయన పేద పిల్లలకు ఉచితంగా బడి పెట్టారు.

ఒక రాత్రి బడి మూసే వేళ జిమ్ జార్విస్ అనే అబ్బాయి కదలకుండా కూర్చున్నాడట. ఇంటికి వెళ్లమంటే తనకు ఇల్లే లేదన్నాడు. తనలాంటి వాళ్లు ఇంకా చాలామంది ఉన్నారని చెప్పి, ఆయన్ని వెంటబెట్టుకుని వెళ్లి చలిలో కప్పు మీద ముడుచుకుని నిద్రపోతున్న పిల్లల్ని చూపించాడు. ఈ సంగతి తర్వాత బర్నార్డోయే చాలా సభల్లో చెప్పారు. చైనా ప్రయాణం ఆగిపోయింది.

1870లో స్టెప్నీ కాజ్‌వేలో మగపిల్లల కోసం మొదటి హోమ్ తెరిచారు. చేతిలో ఉన్న డబ్బుకు సరిపడా పిల్లల్నే తీసుకోవాలని మొదట్లో ఆయన నియమం. ఒకరోజు 11 ఏళ్ల బాబు వచ్చాడు. ఎర్ర జుట్టు కాబట్టి అందరూ క్యారెట్స్ అని పిలిచేవాళ్లు. హోమ్‌లో చోటు లేదని తిప్పి పంపేశారు. రెండు రోజుల తర్వాత ఆకలికీ చలికీ ఆ బాబు చనిపోయి కనిపించాడు. అప్పటి నుంచి దిక్కులేని పిల్లలెవరినీ వెనక్కి పంపేది లేదని తలుపు మీదే బోర్డు పెట్టించారు.

ఆడపిల్లల కోసం 1876లో బార్కింగ్‌సైడ్‌లో చిన్న చిన్న ఇళ్లతో ఒక ఊరే కట్టారు. పెద్ద హాల్లో వరుస మంచాలు కాకుండా, ఒక్కో ఇంటికి తల్లిలా చూసుకునే మహిళను పెట్టారు.

నేను కామర్స్ చదివినవాణ్ణి. లెక్క ప్రకారం చూస్తే ఇలా నడిచే సంస్థ నిలబడదు. ఎవరొచ్చినా కాదనకూడదు, చందాలు మాత్రం ఎంత వస్తాయో తెలియదు. ఆయన చనిపోయేనాటికి సంస్థ అప్పు దాదాపు 2.5 లక్షల పౌండ్లు.

ఆయన తప్పులూ చెప్పుకోవాలి. చందాల కోసం పిల్లల ఫోటోలు అమ్మేవారు. చేరక ముందు చిరుగు బట్టల్లో ఒకటి, చేరాక పనిలో ఒకటి. కొన్ని ఫోటోల్లో దైన్యం కావాలనే పెంచి చూపించారని ఆరోపణ వచ్చింది. పట్టా చేతికి రాకముందే డాక్టర్ అని రాసుకున్నారన్నది ఇంకోటి. 1877లో మధ్యవర్తులు విచారించి పెద్ద ఆరోపణలు కొట్టేశారు, ఫోటోల విషయంలో మాత్రం తప్పుపట్టారు.

ఇంకా పెద్ద గొడవ తల్లిదండ్రుల హక్కు గురించి. కొందరు పిల్లల్ని కన్నవాళ్ల అనుమతి లేకుండానే ఉంచుకున్నారు. క్యాథలిక్ కుటుంబాల పిల్లలు ప్రొటెస్టెంట్ హోమ్‌లో పెరగడం మీద కేసులు కోర్టుదాకా వెళ్లాయి. 1882 నుంచి పిల్లల్ని కెనడాకు పంపడం మొదలైంది. ఆయన తర్వాత కూడా అది సాగి, సుమారు 30 వేల మంది వెళ్లారు. కొందరు బాగుపడ్డారు. కొందరు పొలాల్లో జీతగాళ్లలా పనిచేస్తూ అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు శాశ్వతంగా దూరమయ్యారు. ఇలా పిల్లల్ని పరాయి దేశాలకు పంపినందుకు 2010లో బ్రిటన్ ప్రభుత్వం క్షమాపణ చెప్పింది.

1905 సెప్టెంబర్ 19న, 60 ఏళ్ల వయసులో బర్నార్డో కన్నుమూశారు. అప్పటికి దాదాపు 60 వేల మంది పిల్లలు ఆయన నీడకు వచ్చి వెళ్లారు. ఆయన పేరుతో ఉన్న సంస్థ ఇప్పటికీ పనిచేస్తోంది. కాకపోతే ఆ పెద్ద హోమ్‌లు ఇప్పుడు లేవు. పిల్లల్ని కుటుంబాల్లోనే పెంచడానికి సాయపడటం దాని పనైంది.

ఒక బిడ్డ చావు ఆయన తలుపు తెరిపించింది. ఆ తలుపు లోపలికి వచ్చిన బిడ్డకు ఒక అమ్మ, ఒక తోబుట్టువు, ఒక మతం, ఒక ఊరు ఉంటాయన్న సంగతి అర్థం కావడానికి మాత్రం చాలా ఏళ్లు పట్టింది. యతీం బిడ్డకు అన్నం పెట్టేటప్పుడు మనం ఈ రెండూ గుర్తుపెట్టుకోవాలి.