సైకిలునకు రూపు దిద్దిన స్టార్లీ

వరంగల్లు, హనుమకొండ, కాజీపేట అను మూడు పట్టణములు ఒకదానితో నొకటి కలిసిపోయి యున్నవి. ఈ పట్టణముల వీధులలో మోటారు వాహనములు ఎంతగా పెరిగినను సైకిలు మాయమైపోలేదు. బడికి పోవు బాలబాలికలును, పాలు పోయువారును, పనులకు పోవు కూలీలును నేటికిని దానిని త్రొక్కుచునే యున్నారు. సమానమైన రెండు చక్రములు, వాని నడుమ ఇనుప గొట్టముల ఫ్రేము, వెనుక చక్రమును త్రిప్పు గొలుసు - సైకిలనగా ఇట్లే యుండునని ఎల్లరును తలంతురు. కాని సుమారు నూట నలువది యేండ్లకు పూర్వము సైకిలు రూపము ఇది కాదు. దానికి ఈ రూపము కల్పించినవారిలో అగ్రగణ్యుడు జాన్ కెంప్ స్టార్లీ.

స్టార్లీ 1854వ సంవత్సరము డిసెంబరు 24వ తేదీన ఇంగ్లండు దేశమున, లండను నగరమునకు చేరువనున్న వాల్తమ్‌స్టోలో జన్మించెను. తండ్రి తోటపనిచేసి జీవించువాడు. తండ్రి వంశమువాడైన జేమ్స్ స్టార్లీ అప్పటికే కోవెంట్రీ నగరమున కుట్టు యంత్రములు, సైకిళ్లు నిర్మించి పేరు గాంచి యుండెను. 1872లో జాన్ కోవెంట్రీ చేరి, ఆ బంధువు కర్మాగారమున పనిలో ప్రవేశించెను. ఇనుమును వంచుట, చక్రములకు పుల్లలు బిగించుట మొదలగు పనులు జరుగుచోటనే అతని యౌవనము గడచెను.

ఆనాటి సైకిలు చూచుటకే వింతగా నుండెడిది. ముందు చక్రము నాలుగైదడుగుల యెత్తుండగా, వెనుక చక్రము మిక్కిలి చిన్నది. గొలుసు లేదు. పెడళ్లు ముందు చక్రపు ఇరుసునకే అమర్పబడి యుండెను. పెడలు ఒక చుట్టు తిరిగిన చక్రమును ఒక చుట్టే తిరుగును. కావున వేగముగా పోవలెనన్న చక్రము పెద్దది కావలెను. పెద్ద చక్రమును త్రొక్కుటకు పొడవైన కాళ్లు కావలెను. పొట్టివాడు ఎంత బలవంతుడైనను పొడుగువానితో సరితూగలేకపోయెను. ఇంతకు మించిన కీడు మరియొకటి కలదు. సీటు దాదాపుగా ముందు చక్రమునకు పైననే యుండుటచే, దారిలో చిన్నరాయి తగిలినను వాహనము ముందునకు బోర్లపడి, త్రొక్కువాడు తలక్రిందుగా నేల గూలెడివాడు. గాయపడినవారేకాక మరణించినవారును కలరు. అందువలన సైకిలు సాహసికులైన యువకుల సొత్తయ్యెను. స్త్రీలును, వృద్ధులును మూడు చక్రముల బండితో తృప్తి చెందవలసివచ్చెను.

1877లో స్టార్లీ, విలియం సట్టన్ అను సైకిలు ప్రియునితో కలిసి సొంత కర్మాగారము స్థాపించెను. తొలుత వారు మూడు చక్రముల బండ్లు చేసిరి. 1883 నాటికి వానికి రోవర్ అను పేరు వచ్చెను. రోవర్ అనగా సంచారి యని అర్థము. ఎవరైనను ఎక్కదగినదియు, పడవేయనిదియు, వేగమున తీసిపోనిదియు నగు సైకిలును చేయుట ఎట్లని స్టార్లీ ఆలోచించుచుండెను.

మార్గము గొలుసు చూపెను. పెడళ్ల వద్ద నలువది పండ్ల చక్రమును, వెనుక ఇరుసున ఇరువది పండ్ల చక్రమును ఉంచి గొలుసుతో కలిపినచో, పెడలు ఒకమారు తిరిగిన వెనుక చక్రము రెండుమారులు తిరుగును. ఇక వేగమునకై పెద్ద చక్రముతో పనిలేదు. 1879లోనే హెన్రీ లాసన్ అనునతడు ఇట్టి గొలుసుతో ఒక సైకిలును చేసెను గాని, అది జనాదరణ పొందలేదు.

1885లో స్టార్లీ రోవర్ సేఫ్టీ సైకిలును వెలువరించెను. సేఫ్టీ యనగా భద్రత. మొదటి నమూనాలో ముందు చక్రము కొంచెము పెద్దది. ముందు ఫోర్కు ఇంచుమించు నిట్టనిలువుగా నుండెను. హ్యాండిలును ఫోర్కుతో కలుపుటకు వేరే కడ్డీలు కావలసివచ్చెను. స్టార్లీ దానితో తృప్తి చెందక, ఆ సంవత్సరమే దానిని మార్చెను. ఫోర్కును ఏటవాలుగా అమర్చి, హ్యాండిలును నేరుగా దానికే బిగించెను. రెండు చక్రములను దాదాపు సమానము చేసెను. ఏటవాలు ఫోర్కు వలన త్రొక్కువాని చేతులు హ్యాండిలును సులభముగా అందుకొనును. సైకిలు పరుగెత్తునపుడు చక్రము తనంతట తాను తిన్నగా నిలుచుటకును అది తోడ్పడును.

ఇంత పొట్టి సైకిలు ఎత్తైన సైకిలును ఎట్లు మించునని అనేకులు సందేహించిరి. సందేహమునకు సమాధానముగా ఆ సంవత్సరము సెప్టెంబరులోనే నూరు మైళ్ల పందెము ఏర్పాటు చేయబడెను. రోవర్ ఎక్కినవాడు అంతకు పూర్వపు వేగమును మించిపోయెను. ఎగతాళి ఆగిపోయెను. ఇతర కర్మాగారములును ఆ నమూనానే అనుసరింపసాగెను.

ఒక లోపము మాత్రము మిగిలెను. పెద్ద చక్రము గుంతలపై మెల్లగా దొర్లును. చిన్న చక్రము వానిలో దిగి కుదిపివేయును. ఆనాటి టైర్లు గట్టి రబ్బరు ముద్దలు. ఐర్లండులోని బెల్‌ఫాస్టు నగరమున జాన్ బాయిడ్ డన్‌లప్ అను పశువైద్యుడు కుమారుని మూడు చక్రముల బండి కుదుపు తగ్గింపనెంచి, గాలి నింపిన రబ్బరు గొట్టమును చక్రమునకు చుట్టి చూచెను. 1888లో అతడు దానికి హక్కు పత్రమును పొందెను. రాబర్ట్ థామ్సన్ అనునతడు 1845లోనే ఇట్టి ఆలోచన చేసి యుండినను, అప్పటికి సైకిళ్లు లేకపోవుటచే అది మరుగునపడెను. గాలి టైరుతో స్టార్లీ సైకిలు సంపూర్ణమయ్యెను.

1898లో స్టార్లీ లండను నగరపు పండిత సభలో సైకిలు వికాసమును గూర్చి ప్రసంగించెను. త్రొక్కువానిని నేలకు తగిన ఎత్తున కూర్చుండబెట్టుట, సీటును పెడళ్లకు తగినచోట నుంచుట, తక్కువ శ్రమతో ఎక్కువ బలము చూపునట్లు హ్యాండిలును అమర్చుట, పండ్ల చక్రములను కోరిన రీతిని మార్చుకొనుటకు వీలు కల్పించుట - ఇవియే తన లక్ష్యములని అతడు వివరించెను. వీనియందలి సారమొక్కటే: మనుష్యుడు యంత్రమునకు లొంగరాదు, యంత్రమే మనుష్యునకు అనుకూలింపవలెను.

నేడు వరంగల్లులో సైకిలు కొనువారికిని ఈ సూత్రములు పనికివచ్చును. మనదేశపు సాధారణ సైకిలు ఫ్రేములు 22 అంగుళములు, 24 అంగుళములు అను కొలతలలో ఎక్కువగా లభించును. కొలతను పెడళ్ల ఇరుసు నుండి సీటు గొట్టము పై అంచు వరకు తీయుదురు. బాలుడు రేపు పెరుగునుగదా యని పెద్ద ఫ్రేము కొనుట కలదు. పాపము, ఆ బాలుడు అడ్డుకమ్మీ క్రిందుగా కాలు దూర్చి, వంకరగా త్రొక్కుచు పోవును. అడ్డుకమ్మీకి ఇరుప్రక్కల కాళ్లుంచి నిలిచినపుడు పాదములు రెండును నేలపై పూర్తిగా ఆనవలెను. కమ్మీకిని శరీరమునకును నడుమ ఒకటి రెండు అంగుళముల ఎడముండవలెను. సీటుపై కూర్చుండి పెడలును అడుగునకు త్రొక్కినపుడు మోకాలు కొంచెము మాత్రమే వంగి యుండవలెను.

ఫోర్కు కొనునపుడు స్ప్రింగులను చూచి మురిసిపోరాదు. అవి బరువును పెంచును. త్రొక్కు బలములో కొంత హరించును. పట్టణపు దారులకు గట్టి సాదా ఫోర్కు చాలును. దాని రెండు కాళ్ల నడుమ ఒకింత లావు టైరు పట్టుటకు చోటుండిన మేలు. గతుకుల దారికి లావు టైరు, నున్నని దారికి సన్నని టైరు తగును. అన్ని దారుల పోవలసిన వానికి నడిమిరకము ఉత్తమము. పాత సైకిళ్ల 28 అంగుళముల చక్రమునకు ఒకటిన్నర అంగుళముల టైరు అట్టిదే. గాలి తగ్గినచో త్రొక్కుట భారమగును, ట్యూబు చెడును.

స్టార్లీ సంస్థ 1896లో రోవర్ సైకిల్ కంపెనీగా మారెను. 1901 అక్టోబరు 29వ తేదీన, నలువదియారేండ్ల వయసున అతడు హఠాత్తుగా మరణించెను. తరువాత ఆ సంస్థ మోటారు కార్లను చేసెను. పోలండు దేశీయులు నేటికిని సైకిలును రోవర్ అనియే పిలుతురు.

స్టార్లీ వేగమును మాత్రమే కోరియుండినచో చక్రమును ఇంకను పెద్దది చేసియుండును. కాని అతడు పొట్టివానిని, వృద్ధుని, స్త్రీని తలచెను. కొద్దిమంది సాహసికుల చేతినుండి సైకిలును తెచ్చి అందరికిని పంచెను. నిరుపేద కూలికిని దూరమును దగ్గర చేసిన ఆ ఉపకారము మరువరానిది.