కవిరాజు సురభి మాధవరాయలు

కొల్లాపురమున పెరిగిన వారిలో సురభివారి పేరు వినని వారుండరు. వారి రాజభవనమును చూడని వారును అరుదు. కాని ఆ వంశమునకు తెలుగు సాహిత్యమున స్థిరమైన కీర్తిని గడించిపెట్టిన మాధవరాయల కావ్యమును చదివినవారు మన ఊరిలోనే బహు కొద్దిమంది. పదునేడవ శతాబ్దమున, గోలకొండ సుల్తానుల కాలమున, కృష్ణాతీరమందలి జటప్రోలు రాజధానిగా ఈ సీమ నేలిన ప్రభువు ఆయన. కొల్లాపురము రాజధాని యగుట పందొమ్మిదవ శతాబ్దపు మాట.

ఘనమైన వంశములు తమ గొప్పను తెలుపుటకు ఏదో యొక గుర్తును నిలుపుకొనుట లోకమంతటను గలదు. జర్మనీ దేశమున హోహెన్‌జోలెర్న్ వంశీయులకు తెలుపు నలుపు గళ్లుగల డాలు వంశచిహ్నము. మన సంస్థానాధీశులకు ఆ పని చేసినవి గోత్రనామములు, బిరుదములు, కవులు వ్రాసిన వంశావళులు. సురభివారు రేచర్ల గోత్రజులైన పద్మనాయకులు. వేంకటగిరి ప్రభువులును ఈ గోత్రమువారే. ఖడ్గనారాయణ, సోమకులపరశురామ మున్నగు బిరుదములు ఈ గోత్రపు పూర్వులు ధరించినవి. అవి యన్నియు కత్తివలన వచ్చినవి.

గోత్రనామము వచ్చిన విధము మాత్రము వేఱు. వంశచరిత్రలు చెప్పు కథ యిది. నల్లగొండ సీమలోని ఆమనగల్లులో చెవిరెడ్డి యనునతడు పొలము దున్నించుచుండగా నిధి కనబడెను. నరబలి యిచ్చిననే గాని అది దక్కదని భేతాళుని మాట వినవచ్చెను. చెవిరెడ్డి యొద్దనున్న పాలేరు, మాల కులజుడగు రేచడు, తానే బలియగుటకు ఒప్పుకొని రెండు కోరికలు కోరెను. తన పేరు యజమాని వంశమునకు గోత్రము కావలెను. ఆ యింట పెండ్లి జరుగుటకు ముందు తన వంశమున నొక పెండ్లి జరిపింపవలెను. చెవిరెడ్డి సమ్మతించెను. ఆ రేచని పేరే రేచర్ల యైనది.

దీనిని స్వామిభక్తి కథగా చెప్పుట పరిపాటి. నాకది అంత తేలికగా తోచదు. ప్రాణమునకు బదులుగా ఆ పాలేరు పొలము అడుగలేదు, ధనము అడుగలేదు, పేరు అడిగెను. అది దక్కినది. రాచపెండ్లి పందిళ్లలో పురోహితులు ఆ పేరును తరతరములుగా ఉచ్చరించిరి. నిధిలో రేచని సంతతివారికి వచ్చిన పాలెంత యని మాత్రము వంశావళులు వ్రాసినవారు అడిగిన జాడ లేదు.

ఈ గోత్రమున కత్తితోపాటు గంటము పట్టినవారును గలరు. రాచకొండ నేలిన సింగభూపాలుడు సంస్కృతమున రసార్ణవసుధాకరమను లక్షణగ్రంథమును రచించెను. మాధవరాయలది ఆ త్రోవయే. ఆయన తండ్రి మల్లభూపాలుడు విద్వాంసుల నాదరించిన ప్రభువు. మహామహోపాధ్యాయ ఎలకూచి బాలసరస్వతి భర్తృహరి సుభాషితములను తెనుగు చేసి, మల్లభూపాలీయమని దానికి ఆయన పేరే పెట్టెను. పద్యము పద్యమునకు చివర సురభిమల్లుని సంబోధన మకుటమై యుండును. రాఘవయాదవపాండవీయమను మూడర్థముల కావ్యమును వ్రాసినవాడును ఈ బాలసరస్వతియే. ఇట్టి పండితులు మెలగిన కొలువులో పెరిగిన రాకుమారునకు పద్యము అబ్బుట వింత గాదు.

మాధవరాయలు చంద్రికాపరిణయమను ఆఱాశ్వాసముల ప్రబంధమును రచించెను. సుచంద్రుడను రాజునకు, చంద్రిక యను కన్యకు జరిగిన వివాహము అందలి కథ. కథ చిన్నది, కల్పన పెద్దది. రామరాజభూషణుని వసుచరిత్రము పోకడను అనుసరించిన ప్రబంధములలో దీనికి గొప్ప స్థానము గలదు. శ్లేష, యమకము, శబ్దాలంకారముల కూర్పు అడుగడుగునకు గానవచ్చును. నిజము చెప్పవలెనన్న, వ్యాఖ్య లేక సామాన్యపాఠకునకు ఇది కొఱుకుడుపడదు. పండితులు మెచ్చవలెనని వ్రాసిన కావ్యమే గాని పల్లె అరుగుమీద చదువుకొనుటకు వ్రాసినది కాదు. ఈ కొఱతను కొఱతగానే చెప్పుట మేలు.

అయినను ఆయన చేసిన యొక పని గమనింపదగినది. ఆ కాలమున ప్రభువు కృతిపతి, కవి కృతికర్త. కావ్యమును అంకితమంది, అవతారికలో తన వంశమును పొగడించుకొనుట రాచమర్యాద. మాధవరాయలు తానే ప్రభువై, తానే కవియై, కృతిని జటప్రోలులో వెలసిన మదనగోపాలస్వామికి అంకితము చేసెను. తండ్రి పేరు మకుటమై ఒక శతకత్రయములో నిలువగా, కుమారుడు అట్టి మకుటస్థానమును తనకు కోరక దేవునికి విడిచెను.

కావ్యమునకు మరల వెలుగు వచ్చినది వేంకటలక్ష్మారావు బహద్దరు కాలమున. ఆయన వేంకటగిరినుండి సురభివారికి దత్తు వచ్చి 1884లో సంస్థానాధికారమును స్వీకరించినవాడు. నెత్తురు వేఱైనను గోత్రము ఒక్కటే గనుక రేచని పేరు చెడలేదు. ఆస్థాన విద్వాంసులగు వెల్లాల సదాశివశాస్త్రి, అవధానం శేషశాస్త్రి గారలు చంద్రికాపరిణయమునకు శరదాగమమను వ్యాఖ్యను వ్రాసిరి. నేడు ఆ కావ్యమును చదువగోరువారికి అదియే చేయూత.

మాధవరాయలు తిరిగిన జటప్రోలు నేడు లేదు. 1963లో శంకుస్థాపన జరిగిన శ్రీశైలము ప్రాజెక్టు నిండినప్పుడు, 1980 దశకపు తొలినాళ్లలో, పాత ఊరు కృష్ణలో మునిగెను. మంచాలకట్టనుండి మాధవస్వామి ఆలయమును ఱాయి ఱాయిగా విప్పి తెచ్చి కొల్లాపురమున మరల నిలిపిరి. కృతి నందిన మదనగోపాలస్వామి ఆలయమును అట్లే తరలింపగా, ఆ స్వామి ఇప్పుడు మెరకనున్న కొత్త జటప్రోలులో కొలువై యున్నాడు.