మోకాళ్ల పర్వతము కడ అన్నమయ్య

పదకవితా పితామహుడని ప్రసిద్ధి వహించిన తాళ్లపాక అన్నమాచార్యులు 1408 నుండి 1503 వరకు జీవించిరి. అంతటి దీర్ఘజీవితములో బాల్యమందలి ఒక దినపు నడక భక్తలోకమునకు మిక్కిలి ప్రియమైనది. దానిని ఆయన మనుమడు చిన్నన్న, అన్నమాచార్య చరిత్రమను ద్విపద కావ్యమున వర్ణించినాడు. ఆ కావ్యమును వేటూరి ప్రభాకరశాస్త్రిగారు పరిష్కరింపగా 1949లో వెలువడినది.

నారాయణసూరి, లక్కమాంబ దంపతుల కుమారుడైన అన్నమయ్యకు చిన్ననాటినుండి పాటయే లోకము. ఉమ్మడి కుటుంబమున పనిపాటలు పట్టని పిల్లవానిని ఎంతకాలము ఉపేక్షింతురు? పసులకు గడ్డి కోసి తెమ్మని ఒకనాడు పొలమునకు పంపిరి. కొడవలి అలవాటు లేని చేయి. చిటికెన వ్రేలు తెగినది. నెత్తురు చూచి బాలుడు విలపించుచుండగా, హరినామము పలుకుచు తిరుపతికి పోవు యాత్రికుల పరస ఆ త్రోవను వచ్చినది. కొడవలిని అచ్చటనే విడిచి, ఇంట ఎవరికిని చెప్పక, అన్నమయ్య వారిలో కలిసిపోయెను. అప్పటికి ఆయనకు ఎనిమిదేండ్ల ప్రాయమని చెప్పుదురు. తాళ్లపాక నేటి రాజంపేటకు చేరువ గ్రామము. అచ్చటినుండి తిరుపతి చేరుట పసివాని కాళ్లకు కొన్ని దినముల ప్రయాణము.

తిరుపతిలో గంగమ్మకు మ్రొక్కి, అలిపిరి కడ నృసింహుని సేవించి, తలయేరు గుండు దాటి బాలుడు కొండ నెక్కసాగెను. 1944లో ఘాట్ రోడ్డు ఏర్పడిన పిదప వాహనములలో పోవువారికి ఈ నడకదారి పేర్లు పరిచయము తప్పినవి గాని, నడచి యెక్కువారికి నేటికిని ప్రతి మలుపునకు ఒక పేరున్నది, ఒక కథ యున్నది. వానిలో మోకాళ్ల పర్వతము కఠినమైనది. శేషాద్రియే శేషస్వరూపమని, దానిపై పాదము మోపుట అపచారమని తలంచి, భగవద్రామానుజులు అచ్చట మోకాళ్లతో ఎక్కిరని పెద్దలు చెప్పుదురు.

అట్టి చోటికి అన్నమయ్య చెప్పులతో వచ్చినాడు! ధిక్కారముచేత కాదు; చెప్పువారు లేక. తోడి యాత్రికులు ముందునకు సాగిపోయిరి. ఆకలిచే కన్నులు చీకట్లు క్రమ్మెను. ముందునకు అడుగు పడలేదు, మరలిపోవుటకు మనసు రాలేదు. ఒక వెదురుపొద నీడను రాతిపై పడి, కాలి చెప్పులైన విడువక నిద్రించెను.

అప్పుడు అలమేలుమంగమ్మ ముత్తైదువ రూపమున వచ్చి బిడ్డను లాలించినదట. ఈ కొండ సర్వము సాలగ్రామమయమని, పాదరక్షలతో ఎక్కరాదని, వానిని విడిచి చూడుమని బోధించినది. చెప్పులు విడువగానే కొండ అంతయు దివ్యతేజస్సుతో కన్నులకు కట్టినది. పిమ్మట అమ్మ తాను తెచ్చిన స్వామి ప్రసాదమును ఆకలి తీర పెట్టినది. అపచారమెరిగియు అమ్మ కోపింపలేదు, క్రిందికి మరలింపలేదు. చేతనుని దోషమును ప్రక్కకు నెట్టి స్వామి సన్నిధికి చేర్చునది అమ్మవారేయని శ్రీవైష్ణవులు చెప్పు పురుషకారము బాలుని జీవితమున ఇట్లు నెరవేరినది. స్వామిని చూడకమున్నే ఆయన అమ్మను చూచినాడు.

ఆ కృతజ్ఞతతో బాలుడు అచ్చటనే అమ్మవారిపై ఆశువుగా శతకము చెప్పెనని చరిత్రము. అన్నమాచార్యుల శతకములలో నేడు లభ్యమైనది వేంకటేశ్వర శతకమొక్కటే. దానిలో మకుటము స్వామిది, స్తుతి అమ్మవారిది. పిమ్మట 1424లో, పదునారవ యేట, సంకీర్తన రచన ప్రారంభమైనట్లు రాగిరేకు తెలుపుచున్నది. ముప్పదిరెండు వేల సంకీర్తనములు వెలసినవని ప్రసిద్ధి. వానిలో మనకు దక్కినవి సగమైనను లేవు.

సేద తీరిన అన్నమయ్య ఒట్టి పాదములతో మిగిలిన కొండ నెక్కి, పుష్కరిణిలో స్నానమాడి, ఆనందనిలయుని సేవించెను. ఘనవిష్ణువను వైష్ణవాచార్యుడు ఆ బాలుని చేరదీసి, పంచసంస్కారములు గావించి, తన చెంత నుంచుకొనెను. ఇక్కడ ఇట్లుండగా, తాళ్లపాకలో లక్కమాంబ దుఃఖము చెప్పనలవి కాదు. కొడుకును వెదకుచు ఆమెయు కొండకు వచ్చినది. స్వామిని విడిచి పోవుటకు అన్నమయ్య మొదట ఒప్పుకొనలేదు. తల్లి మాటను కాదనరాదని గురువు నచ్చచెప్పగా, ఆమె వెంట ఇంటికి మరలెను.